నాటకాల మామ్మ ఒప్పుకోలు

మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న అమ్మాయి ఈ ఆదివారం తెల్లారగానే పైకొచ్చింది. నా పెద్ద గిన్నె అడిగి తీసుకుని, నా వంటింట్లోనే చింతపండు నానబెట్టింది. ఆరాధన అయ్యాక చర్చి హాల్లో పులిహోర పొట్లాలు అమ్ముతారట. వాళ్ళ కాలేజీలో చదివే కుర్రాడు మంచు రోడ్డు మీద కారు జారి చనిపోయాడు. వాణ్ణి ఇండియాలో వాళ్ళమ్మ దగ్గరికి పంపాలి. ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు డబ్బు కోసం శుక్రవారం దాకా ఆగుతామన్నారు.

"ఆంటీ, మీరొక్కసారి నిలబడి మాట్లాడితే చాలు," అంది. "మేం అడిగితే స్టూడెంట్సే కదా అని లైట్ తీసుకుంటున్నరు. మీరంటే ఇక్కడ అందరికీ తెల్సు."

తెలియకేం. ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ చలిదేశంలో, ఈ కిచెనర్ ఊళ్ళో నర్సుగా చేశాను. సగం తెలుగిళ్ళలో పిల్లలు పుట్టినప్పుడు పక్కన నేనే ఉన్నాను. కానీ ఈ చలికాలంలో ఇలా నిలబడి అడగడం ఇది మూడోసారి అవుతుంది. మొదటిసారి ఏడుస్తూ అడిగాను. రెండోసారి ఏడుపు రాలేదు. పిల్లాడి పేరూ ఊరూ మారాయి, మిగతా మాటలన్నీ అవే. ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఫోన్లలోకి తలలు దించుకోవడమూ అదే. అడిగి అడిగి విసిగిపోయాను. నిజం చెప్పాలంటే ఆ పిల్లాడి ఫొటో కూడా సరిగా చూడలేదు.

"చలికి నా గొంతు పోయిందమ్మా," అన్నాను.

ఆ పిల్ల స్వెట్టర్ చేతులు మడిచి చింతపండు పిసకడం మొదలుపెట్టింది. వేడినీళ్ళలోంచి ఆ వాసన లేచింది. గొంతు పోయిందన్న మాటా, చింతపండు వాసనా ఒకేసారి వచ్చి పడేసరికి నేను కుర్చీలో కూర్చుండిపోయాను. నా చిన్నతనంలో కూడా ఒకసారి ఆ రెండూ కలిసే వచ్చాయి.

అప్పుడు నాకు పదేళ్ళు. కోస్తాలో ఒక తాలూకా ఊళ్ళో, మిషను కాంపౌండులో మా ఇల్లు. నాన్న మిషను బడిలో టీచరు. ఇల్లు మాత్రం మా నాయనమ్మది. తెల్లచీర, నున్నగా దువ్విన జుట్టు, బోసి మెడ. స్త్రీల సమాజానికి ఆవిడే పెద్ద. మా సంఘంలో ఆడవాళ్ళు బాప్తిస్మానికి నీళ్ళలో దిగేముందు ఒంటిమీద నగలన్నీ తీసెయ్యాలి, మళ్ళీ పెట్టుకోకూడదు. తీసినవి అమ్మి దేవుడి పనికి ఇవ్వాలని నియమం. కొత్తగా చేరిన కోడళ్ళు చెవికమ్మలు పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకుంటే నాయనమ్మ తన మెడ చూపించేది. "చూడమ్మా, నాకూ ఉండేవి. దేవుడి దగ్గర దాచుకున్నానా?" అనేది.

మా పెరటి గదిలో నాయనమ్మ అక్క ఉండేది. కాంపౌండు పిల్లలందరికీ ఆవిడ నాటకాల మామ్మ. ఆడ వేషాలు కూడా మగవాళ్ళే కట్టే రోజుల్లో, పదహారేళ్ళప్పుడు ఇంట్లోంచి వెళ్ళిపోయి ఒక నాటకాల కంపెనీలో చేరింది. రాణి వేషాలకు పేరు. ఆవిడ పద్యం కోసం బళ్ళు కట్టుకుని వచ్చేవారట. సినిమాలొచ్చి కంపెనీ మూతపడ్డాక ఒక ఇనప్పెట్టెతో చెల్లెలింటికి చేరింది. నాయనమ్మ కాదనలేదు, రమ్మనీ అనలేదు. పెరటి గది తాళం తీసిచ్చింది, అంతే. ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండినది తినేవారు. అవసరమైతే తప్ప మాట్లాడుకునేవారు కారు.

ఆ గదిలో కర్పూరం, మిరియాల పాలు, ముఖానికి రాసుకునే పౌడరు, అన్నీ కలిసిన వాసన ఉండేది. రోజూ పొద్దున్నే ఉప్పునీళ్ళు పుక్కిలించి, తలుపేసుకుని రాగం తీసేది. పాడటానికి ఎవరూ పిలవకపోయినా గొంతును మాత్రం పస్తు పెట్టేది కాదు. నాకు పటికబెల్లం ముక్క ఇచ్చి, గోడకు ఆనించి నిలబెట్టి, "మెడ నిలబెట్టవే, అడుక్కోవడానికి వెళ్ళినా కళ్ళు దించకూడదు" అని నేర్పేది.

వెళ్ళిపోయిన ఏడాదే సంఘం ఆవిడ పేరు కొట్టేసింది. అందరి ముందూ నిలబడి, నాటకాలాడటం పాపమని ఒప్పుకుంటే తప్ప ప్రభు బల్లలో, అంటే చర్చిలో పంచే రొట్టెలో, భాగం లేదన్నారు. "దొంగతనం చేశానా, ఎవరి కాపురమన్నా కూల్చానా? రాణి వేషం కట్టాను. అది పాపమని ఏ నోటితో చెప్పను?" అనేది ఆవిడ. నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజున చర్చి బయట మెట్టు మీద, కిటికీ కింద కూర్చునేది. గుండె బాగా లేదని అప్పటికే డాక్టరు చెప్పాడు. "చచ్చేలోగా ఒక్కసారి మా అమ్మ కూర్చున్న బెంచీ మీద కూర్చుని ఆ రొట్టె తినాలే," అని నాతో అంది ఒకసారి. ఆవిడకు ఇంకో కోరిక ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు.

ఆ ఏడాది చలికాలం ముందు ఉత్తరాన మంచుకొండల మీద యుద్ధమొచ్చింది. సాయంత్రాలు రీడింగ్ రూమ్ రేడియో ముందు జనం చెప్పులు విడిచి నిలబడేవారు. సిపాయిల కోసం బంగారం ఇమ్మని ఊరూరా అడుగుతున్నారు. ఒకరోజు మా పెరటి గుమ్మంలోకి జీపొచ్చింది. తాసీల్దారుగారు స్వయంగా దిగి, "అమ్మా, మీ పేరు మా నాన్న చెప్పేవారు. మీరు పాడితే జనం ఇస్తారు" అన్నారు. నాయనమ్మ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది కానీ, కిటికీలోంచి కాఫీ మాత్రం అందించింది. నాటకాల మామ్మ కాఫీ సాసర్లో పోసుకుని తాగుతూ, "కుర్రదాన్నప్పుడు దొరల యుద్ధానికి కూడా నన్నే పాడమన్నారు. అప్పుడు పరాయివాళ్ళ కోసం అడిగాను. ఇప్పుడు మనవాళ్ళ కోసం అడగనా?" అంది.

ఆవిడ అడిగే పద్ధతి ఇంకెవరికీ లేదు. కొడుకును యుద్ధానికి పంపిన తల్లి పద్యాలు నాలుగు, మా బడి తెలుగు మాస్టారు రాసిచ్చారు. ఆవిడ ఇత్తడి పళ్ళెం చేత్తో పట్టుకుని జనంలోకి దిగి పాడేది. మూడు పాదాలూ గబగబా లాగించి, నాలుగో పాదం సగంలో ఆపి రాగం అందుకునేది. ఎవరో ఒకరి ముందు నిలబడి, వాళ్ళ కళ్ళలోకి చూస్తూ ఆ రాగాన్ని సాగదీసేది. పళ్ళెంలో ఏదో ఒకటి పడితేనే పాదం పూర్తి. ఆ తల్లి కొడుకుతో చివరికి ఏమందో వినాలని జనానికి ఒకటే ఆత్రం. మార్కెట్ యార్డులో ఒక మిల్లు యజమాని భార్య ఆ రాగం తట్టుకోలేక రెండు చేతుల గాజులూ తీసి పడేసి, "ఇంక చెప్పు తల్లీ, ప్రాణం తీస్తున్నావు" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

ఇదిలా ఉండగా ఊళ్ళో ఒక మాట పుట్టింది. అందరూ ఇస్తున్నారు, ఆ కాంపౌండు వాళ్ళేమిచ్చారు, వాళ్ళది దొరల మతం కదా అని. ఆ మాటకు మా అయ్యగారు, అంటే పాస్టరు, హడలిపోయారు. ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి పెరటి గది గుమ్మంలో నిలబడి, మన సంఘం తరఫున కూడా ఒక శనివారం పాడమని అడిగారు.

"రొట్టెకు పనికిరానిదాన్ని పాటకు పనికొస్తానా అయ్యగారూ?" అంది నాటకాల మామ్మ.

అయ్యగారు మంచివారే, కానీ నియమం నియమమే. పాడేది చర్చిలో కాదు, కాంపౌండులో అన్నారు. ఒప్పుకోలు చెబితే రేపే బల్లలోకి తీసుకుంటామన్నారు. ఆవిడ నవ్వి, పాడతాను గానీ ఆ రెండో సంగతి మాత్రం వద్దంది.

ఇక్కడ నా వెధవపని చెప్పాలి. మా వంటింటి అటక మీద నాయనమ్మ చింతపండు జాడీ ఉండేది. పొరపొరకూ ఉప్పు చల్లి, గట్టిగా అదిమి, గుడ్డ కట్టి పెట్టేది. ఆ పులుపూ ఉప్పూ కోసం నేను పీట మీద పీట వేసి ఎక్కి, వేళ్ళతో పెళ్ళగించి తినేదాన్ని. ఆ వారమే, అడుగున వేళ్ళకు మూటొకటి తగిలింది. విప్పితే ఒక పేట గొలుసు, రెండు గాజులు, జత కమ్మలు. చింతపండు రంగు పట్టి నల్లబడ్డాయి. మళ్ళీ కుక్కి దిగుతుంటే నాయనమ్మ చూసింది. చింతపండు దొంగిలించానని కొబ్బరీనెతో వీపు మీద రెండు తగిలించింది. మూట చూశానని ఆవిడకు తెలీదు.

ఉక్రోషంతో పెరటి గదికి పరిగెత్తి అంతా చెప్పేశాను. నాటకాల మామ్మ ముందు నమ్మలేదు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వింది. "నేను లేని నగలు ఉన్నట్టు ఆడాను. మా చెల్లి ఉన్న నగలు లేనట్టు ఇన్నాళ్ళూ ఆడింది. నాకంటే అదే గొప్ప నటి," అంది. అంతలోనే మొహం మారిపోయింది. నా వీపు మీద కొబ్బరినూనె రాస్తూ, ఈ మాట ఇంకో చెవిన పడితే నీతో మాట్లాడనంది.

శనివారం మధ్యాహ్నం కాంపౌండు నిండిపోయింది. వెనక వరసల్లో ఊళ్ళోవాళ్ళు, ముందు తెల్లచీరలు. తాసీల్దారుగారికి కుర్చీ వేశారు. ఆవిడ పళ్ళెం పట్టుకుని దిగగానే, మా దగ్గర ఏముందమ్మా, మా మెడలు చూడు అన్నారు ముందు వరస వాళ్ళు. ఆవిడ పద్యం ఎత్తుకుంది. అయ్యగారి భార్య ముందు నిలబడి రాగం సాగదీసింది. ఆ అమ్మగారు కాసేపు చర్చి గోడ చూసింది, కాసేపు నేల చూసింది. చివరికి గబగబా ఇంట్లోకి వెళ్ళి, ముడేసిన రుమాలుతో తిరిగొచ్చింది. పళ్ళెంలో ఠంగుమని చప్పుడైంది.

ఆ తర్వాత చూడాలి. ఒక్కొక్కరే లేచి ఇళ్ళకు పరుగు. బియ్యం డబ్బాల్లోంచి, తలగడ దూదిలోంచి, ఆవాల డబ్బా అడుగునుంచి మూటలొచ్చాయి. ఒక గొలుసుకు ఇంగువ వాసన, ఒక కమ్మకు కలరా ఉండల వాసన. ఎవరూ ఎవరినీ చూసి నవ్వలేదు. నవ్వే హక్కు ఎవరికీ లేకపోయింది. అయ్యగారు సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక కళ్ళద్దాలు తుడుచుకుంటూనే ఉన్నారు.

చివరికి పళ్ళెం మా నాయనమ్మ ముందుకొచ్చింది. కాంపౌండు మొత్తంలో అప్పటికి కదలని మనిషి ఆవిడొక్కతే. రాగం మొదలైంది. అందరూ ఆ బోసి మెడ వైపే చూస్తున్నారు. నాయనమ్మ చెయ్యి మెల్లగా గొంతు దగ్గరికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. ఇరవై ఏళ్ళుగా అందరికీ చూపించిన మెడ అది. ఇప్పుడు వంటింట్లోకి వెళ్ళిందంటే ఆ ఇరవై ఏళ్ళూ పోతాయి. నాటకాల మామ్మ చెల్లెల్ని చూసింది. నన్ను చూసింది. ఇంకొక్క క్షణం ఆ రాగాన్ని నిలబెట్టి ఉంటే మా నాయనమ్మ కూలిపోయేదే.

నాటకాల మామ్మ దగ్గింది. రాగం తెగిపోయింది. మిగిలిన సగం పాదాన్ని పాట లేకుండా మాటలుగా అప్పజెప్పి, పళ్ళెం తీసుకుని పక్కకు నడిచింది. పళ్ళెం ఏమీ పడకుండా ఒక మనిషిని దాటడం అదే మొదలు.

"అయ్యో, గొంతు పోయింది పాపం. ముసలిదైపోయింది," అన్నారెవరో. ఆవిడ గొంతు పట్టుకుని, అవునన్నట్టు తలూపింది. ఆ తర్వాత తాసీల్దారుగారు మళ్ళీ పిలవలేదు. గొంతు పోయిన మనిషిని పిలిచి ఏం చేస్తారు.

సోమవారం పొద్దున పెరటి గది తలుపు వెనక నుంచి ఆ రాగమే సన్నగా వినిపించింది. ఎక్కడా తెగకుండా, చివరిదాకా. నేను పళ్ళు తోముకుంటూ విన్నాను. బావి దగ్గర నీళ్ళు తోడుతున్న నాయనమ్మ కూడా వింది. చేద సగంలో ఆపి, అది అయిపోయేదాకా తాడు పట్టుకుని అలాగే నిలబడింది.

వచ్చిన మొదటి ఆదివారం నేను నాటకాల మామ్మతో బయట మెట్టు మీద కూర్చున్నాను. కిటికీలోంచి అంతా కనిపిస్తుంది. రొట్టె పళ్ళెం నాయనమ్మ దగ్గరికొచ్చింది. ఆవిడ చెయ్యి చాపలేదు. పళ్ళెం దాటిపోయింది. మరుసటి నెలా అంతే. అయ్యగారు ఇంటికొచ్చి అడిగితే, తినాలనిపించడం లేదండీ అని మాత్రం అంది. ఆ క్రిస్మస్‌కు మా ఇంట్లో అరిసెలు వండారు గానీ ఎవరూ సంతోషంగా తినలేదు. నాయనమ్మ చిక్కిపోయింది. సమాజం పెద్దరికం వదిలేసింది. నగలు ఎక్కువ కాలం దాచిన మాట నిజమే, కానీ ఆవిణ్ణి తినేస్తున్నది నగలు కాదని నాకు ఆ వయసులోనే అర్థమైంది. అక్క బయట కూర్చుని ఉండగా తనకు ఆ రొట్టె దిగడం లేదు. నేను నోరు జారకపోతే ఇదంతా జరిగేది కాదు కదా అని చాటుగా ఏడ్చేదాన్ని.

మూడో నెల. పళ్ళెం పట్టుకున్న సంఘపెద్ద నాయనమ్మ బెంచీ దగ్గరికి వస్తున్నాడు. నా పక్కన మెట్టు మీద నుంచి నాటకాల మామ్మ లేచింది. చెప్పులు విడిచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని లోపలికి నడిచింది. తల నిలబెట్టి, మధ్య దారిలో, తొందర లేకుండా. నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. అయ్యగారు చదువుతున్నది ఆపేశారు. పళ్ళెం నాయనమ్మ ముందు ఆగిపోయింది.

"నేను నాటకాలాడాను," అంది ఆవిడ. మైకు లేకుండానే ఆ గొంతు వెనక గోడ దాకా వెళ్ళింది. "అది పాపమని, ఈ సంఘం ముందు..."

అక్కడ ఆపేసింది.

అయ్యగారిని చూడటం లేదు, జనాన్ని చూడటం లేదు. తిన్నగా చెల్లెలి కళ్ళలోకి చూస్తూ ఊపిరి బిగబట్టి నిలబడింది. చర్చిలో ఎవరికీ అర్థం కాలేదు. మాట గొంతులో అడ్డుపడిందనుకుని పాపం ఏడవడం మొదలుపెట్టారు. నాకు అర్థమైంది. నాయనమ్మకు కూడా. పళ్ళెం ముందర ఉంది, పాదం సగంలో ఉంది.

నాయనమ్మ చెయ్యి చాపి రొట్టె తీసుకుంది. నోట్లో పెట్టుకుంది.

"...ఒప్పుకుంటున్నాను," అని పూర్తి చేసింది నాటకాల మామ్మ.

ఆ రోజు వాళ్ళమ్మ కూర్చున్న బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఇంటికొస్తూ దారిలో నేను ఆవిడ చెయ్యి లాగి, నిజంగా పాపమేనా అని అడిగాను. నాకు కోపంగా ఉంది. అంతకాలం చెప్పనన్న మాట ఎందుకు చెప్పావని. ఆవిడ బాగా అలిసిపోయి ఉంది. కాంపౌండు గోడకు చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుంది. "చెల్లి తిందిగా," అంది. కాసేపటికి, "చివర్లో గొంతు వణకలేదు కదా?" అని అడిగింది. వణకలేదన్నాను.

మామిడికాయలొచ్చే వేళకు పోయింది. సమాధుల తోట గోడకు లోపలే, వాళ్ళమ్మ పక్కనే పెట్టారు. నాయనమ్మ ఆ మూట పట్టుకుని తాలూకా ఆఫీసుకు వెళ్తే, యుద్ధమైపోయింది, ఇప్పుడు తీసుకోవడం లేదమ్మా అన్నారట. తిరిగి తెచ్చింది. జాడీలో మాత్రం పెట్టలేదు. నాకు నర్సు ట్రైనింగులో సీటొచ్చిన రోజున ఆ మూట నా చేతిలో పెట్టి, "ఇది ఇవ్వాల్సిన చోట ఇవ్వలేకపోయాను. నువ్వు నలుగురికీ పనికొచ్చే పని చెయ్యి," అంది. ఫీజు కోసం అమ్మితే, కంసాలి దాన్ని నిప్పుల్లో వేసినప్పుడు కాలిన చింతపండు వాసనొచ్చింది. ఆ ట్రైనింగే నన్ను ఈ దేశం తెచ్చింది. ఈ ఇల్లు, ఈ వంటిల్లు, ఈ బేస్‌మెంటు, అన్నీ ఆ పళ్ళెంలో పడని బంగారమే.

నలుగురికీ పనికొచ్చీ పనికొచ్చీ అలిసిపోయాను, నిజమే. నాటకాల మామ్మా అలిసిపోయే ఉంటుంది. గొంతు పోయిందని ఆవిడ అనిపించుకున్నది చెల్లెలి కోసం. నేను అన్నది నా కోసం.

కళ్ళు తెరిచి చూస్తే ఆ అమ్మాయి పులుసు మరిగిస్తోంది. గరిటెతో కొంచెం నా అరచేతిలో వేసి, "ఉప్పు సరిపోయిందా చూడండి ఆంటీ," అంది. సరిపోయింది. పక్కన ఆ పిల్లాడి ఫొటో అంటించిన అట్టపెట్టె ఉంది. దగ్గరికి తీసుకుని చూశాను. పై పెదవి మీద ఇంకా సరిగా మీసం కూడా రాలేదు.

"హాల్లో ఎన్నింటికి?" అన్నాను.

"పదకొండున్నరకు."

"నా గొంతుకేమీ కాలేదమ్మా. ఇందాక నీతో అబద్ధం చెప్పాను."

ఆ పిల్ల పొయ్యి తగ్గించి, చేతులు కడుక్కుంది.

"తెల్సు ఆంటీ," అంది. "నేను పైకి వచ్చేటప్పటికి మీరు ఫోన్ల ఎవరితోనో మంచిగనే మాట్లాడుతున్నరు."